నీళ్లొచ్చిన వీధికి సాక్ష్యం ఏది?

2020 అక్టోబరు 13న హైదరాబాద్ తూర్పు వైపు కురిసిన వానను ఇక్కడివాళ్లు ఇంకా మరచిపోలేదు. ఘట్‌కేసర్, హయత్‌నగర్ ప్రాంతాల్లో కొన్నిచోట్ల ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు అటూ ఇటూగా పడింది. సరూర్‌నగర్ చెరువు పొంగింది. దాని దిగువన ఉన్న కాలనీలు, బస్తీలు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మునిగిన ఇంటికి 10 వేల రూపాయల సాయం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నవంబరు వచ్చేసరికి ఆ డబ్బు కోసం మీసేవ కేంద్రాల ముందు తెల్లవారకముందే బారులు తీరిన జనం కనిపించారు. నగరపాలక ఎన్నికల కారణంగా రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ పంపిణీని మధ్యలోనే ఆపించింది. అసలు మునిగినవారికి అందలేదనీ, చుక్క నీరు చేరని ఇళ్లకు అందిందనీ ఊరంతా ఫిర్యాదులు. ఏ వీధిలోకి నీళ్లొచ్చాయి, ఎంత ఎత్తున నిలిచాయి, ఎన్ని రోజులు ఉన్నాయి అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగల ఫొటోలు అప్పటికే వేలాది ఫోన్లలో ఉన్నాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి, ఎవరు తీశారో, ఎక్కడ తీశారో తెలియని బొమ్మలుగా మిగిలాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ స్కూటర్ ఫొటో సరూర్‌నగర్‌దో, టోలిచౌకీదో చెప్పలేకపోతే అది జాలి పుట్టించగలదు కానీ సాక్ష్యంగా నిలవలేదు.

దీన్ని సరిదిద్దే సదుపాయం మన చేతిలోనే ఉంది. కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, ఫొటో తీసిన క్షణంలోనే ఫోన్ ఆ స్థలం అక్షాంశ రేఖాంశాలను, తేదీని, సమయాన్ని ఫొటో ఫైలులోనే రాసిపెడుతుంది. 1990లలో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం రూపొందించిన ఎగ్జిఫ్ అనే పద్ధతి ఇది. సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాల్లో అమెరికా కావాలని కలిపిన తప్పును 2000 మే నెలలో తొలగించాక ఈ లెక్కకు నమ్మకం పెరిగింది. ఈరోజు మామూలు ఫోన్ కూడా ఆరుబయట ఐదు పది మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. ఎత్తయిన అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుకు గల్లీల్లో తేడా ఇంకొంత ఎక్కువ ఉండవచ్చు, అయినా వీధిని గుర్తుపట్టడానికి సాధారణంగా అది చాలు. అయితే ఆ ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఈ వివరాలన్నీ రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితేనే నిలుస్తాయి. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే 2020 నాటి వరద సాక్ష్యంలో చాలా భాగం మన చేతుల మీదుగానే చెదిరిపోయింది.

అందుకే చెప్పదలచుకున్న మాట ఇది. రోడ్డు, నాలా, చెరువు కట్ట, మ్యాన్‌హోల్, బస్టాపు లాంటి అందరి స్థలాల ఫొటోలకు లొకేషన్ జోడించి, అందరూ చూడగల మ్యాపుల్లో దాచుకోవడాన్ని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల కాలనీలు ఒక పౌర బాధ్యతగా తీసుకోవాలి. ఇల్లు, హాస్టల్, పిల్లల ఫొటోల విషయంలో అంతే శ్రద్ధగా ఆ వివరాన్ని తీసేయాలి. ఊరి ఆస్తి ఎక్కడుందో ఊరికి తెలియాలి, మనిషి ఎక్కడున్నాడో అతను చెప్పదలచుకున్నవారికే తెలియాలి. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్ల ఒకవైపు అవసరమైన సాక్ష్యం పోతోంది, మరోవైపు అక్కర్లేని రహస్యం బయటపడుతోంది.

ఈ ప్రాంతానికే ఇది ఎందుకు ఎక్కువ అవసరమంటే, ఇక్కడ చిరునామా చెప్పడమే కష్టం. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం 2007 దాకా విడివిడి మునిసిపాలిటీలు. ఆ ఏడాది చుట్టుపక్కల పట్టణాలతో పాటు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిశాయి. అంతకు ముందూ తర్వాతా ఒక్కో లేఅవుట్ ఒక్కోసారి పుట్టుకొచ్చింది, ఒక్కో సంఘం తన కాలనీకి తనకు నచ్చిన పేరు పెట్టుకుంది, రోడ్డు నంబర్లు వేసుకుంది. కమలానగర్ చైతన్యపురి దగ్గరా ఉంది, ఈసీఐఎల్ దగ్గరా ఉంది. రోడ్ నంబర్ 3 అంటే ఏ కాలనీలోని మూడో రోడ్డు? వార్డుల హద్దులు మారినప్పుడల్లా ఫిర్యాదు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరుగుతుంది. థియేటర్ పక్క సందు, గుడి వెనక గల్లీ అని చెప్పుకునే గుర్తులు స్థానికులకు సరిపోతాయి. పై నుంచి వచ్చిన ఇంజినీరుకు సరిపోవు. అక్షాంశ రేఖాంశాలకు ఈ బాధ లేదు. కాలనీ పేరు మారినా, వార్డు మారినా, కార్పొరేషనే రూపు మారినా ఆ అంకెలు అదే చోటును చూపిస్తాయి.

వాన నీటి విషయంలో ఈ వివరం ప్రాణాలతో ముడిపడి ఉంది. 2020 సెప్టెంబరులో, అంటే ఆ పెద్ద వానకు ముందే, సరూర్‌నగర్ చెరువు నుంచి పొంగిన నీటిలో స్కూటర్ మీద వెళ్తున్న ఒక వ్యక్తి కొట్టుకుపోయి చనిపోయారు. 2021 సెప్టెంబరులో కోదండరాంనగర్ లాంటి చెరువు దిగువ కాలనీలు మళ్లీ మునిగాయి. ఆ తర్వాత ప్రభుత్వం వెయ్యి కోట్లకు దగ్గరగా ఖర్చుతో నాలాల అభివృద్ధి పథకాన్ని చేపట్టింది. పనులు జరగడం మంచిదే. అయితే ఎక్కడ వెడల్పు చేయాలి, ఎక్కడ పెట్టె కాలువ వేయాలి అన్నది నీరు నిజంగా ఎటు పోయిందో తెలిస్తేనే సరిగా తేలుతుంది. ఎత్తుపల్లాల పటాలు నీరు ఎటు పోవాలో చెబుతాయి. ఏ గల్లీలో ఎవరు ప్రహరీ కట్టారో, ఏ నాలా మీద స్లాబు వేశారో, ఏ మ్యాన్‌హోల్ నుంచి నీరు ఎగదన్నిందో మాత్రం ఆ గంటలో అక్కడ ఉన్నవారికే తెలుస్తుంది. ఒకే వానలో ఒకే కాలనీలో వంద చోట్ల నుంచి, స్థలమూ సమయమూ ఉన్న ఫొటోలు వస్తే, గోడ మీద నీటి గీతను, గేటు ఎత్తును చూసి లోతును అంచనా వేయవచ్చు. ఎన్ని లక్షలు పోసి చేయించిన సర్వేకైనా ఆ రాత్రి సంగతి మరోలా దొరకదు.

ఇది ఊహ కాదు, ఇతర నగరాలు చేసి చూపించినదే. 2015 చివర్లో చెన్నై మునిగినప్పుడు, ఎవరైనా మార్చగల ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఆధారంగా అక్కడి యువకులు ఒక పటం తెరిచారు. మునిగిన వీధి మీద నొక్కి గుర్తు పెట్టమని జనాన్ని అడిగారు. కొద్ది రోజుల్లోనే వేల వీధులు ఆ పటంలోకి ఎక్కాయి. ఇండోనేషియా రాజధాని జకార్తాలో 2014 డిసెంబరులో మొదలైన పెటాజకార్తా ఇంకో అడుగు ముందుకు వేసింది. వరద గురించి ట్విటర్‌లో రాసినవారిని లొకేషన్ ఆన్ చేసి, ఫొటోతో చెప్పమని అది తిరిగి అడిగేది. అలా వచ్చిన సమాచారమంతా వెంటనే మ్యాపు మీద కనిపించేది. నగర విపత్తు నిర్వహణ సంస్థ ఆ ప్రయత్నంలో భాగస్వామి. తర్వాత అది దేశవ్యాప్త వేదికగా పెరిగింది. ఆ రెండు నగరాల్లోనూ పనిచేసిన సూత్రం ఒకటే. వరద అనుభవిస్తున్నవాడే మొదటి సర్వేయరు. అతని మాటకు స్థలం జోడిస్తే అధికారికి అది పనికొచ్చే సమాచారం అవుతుంది.

విపత్తు లేని రోజుల్లోనూ ఈ అలవాటుకు విలువ ఉంది. దశాబ్దాల పాటు దిల్‌సుఖ్‌నగర్ పక్కన సందడిగా నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. 2022 మార్చిలో పాత షెడ్లను కూల్చేశారు, ఏప్రిల్‌లో అక్కడే పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో వచ్చింది. ఎల్బీనగర్, బైరామల్‌గూడ కూడళ్లలో ఒకదాని వెంట ఒకటిగా అండర్‌పాసులూ ఫ్లైఓవర్లూ లేచాయి. పదేళ్ల కిందట ఈ చోటు చూసినవాడు ఇవాళ గుర్తుపట్టలేడు. అభివృద్ధి కావాలి కాబట్టి మార్పును తప్పుపట్టడం లేదు. కానీ ఏ చెట్టు ఎక్కడ ఉండేది, ఏ కాలువ ఎటు పారేది, చెరువు నీరు ఎక్కడిదాకా నిలిచేది అన్న జ్ఞాపకం తర్వాతి తరానికి అందాలి. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం హైదరాబాద్‌ను ఇల్లిల్లూ, గల్లీగల్లీ కొలిపించి లెనార్డ్ మన్ పర్యవేక్షణలో పటాలు గీయించింది. పాత నగరం ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవారు ఇప్పటికీ ఆ పటాలనే తిరగేస్తారు. ఈ శివారు కాలనీలకు మాత్రం అలాంటి పటాలు లేవు. స్థలం తెలిసిన ఫొటోలు పోగు చేసుకుంటే ఆ లోటు కొంతైనా తీరుతుంది.

గూగుల్ ఈ పని చేస్తూనే ఉంది కదా, మనకెందుకు శ్రమ అని కొందరు అడగవచ్చు. 2022 జులైలో స్ట్రీట్ వ్యూ మన దేశంలో మొదలైనప్పుడు తొలి పది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. మంచి సదుపాయమే. కానీ ఆ కారు వాన కురిసే రాత్రి రాదు, ఆటో కూడా తిరగని గల్లీలోకి దూరదు. అంతకన్నా పెద్ద సంగతి, కంపెనీ మ్యాపులో పెట్టిన ఫొటో భవిష్యత్తు కంపెనీ నిర్ణయం మీద ఆధారపడి ఉంటుంది. లొకేషన్ ఉన్న ఫొటోలను ప్రపంచ పటం మీద చూపించిన పనోరమియోను స్పెయిన్ యువకులు 2005లో మొదలుపెట్టారు. 2007లో గూగుల్ కొన్నది, 2016 నవంబరులో మూసేసింది. ఎక్కడెక్కడి మనుషులో ఏళ్ల తరబడి ప్రేమతో పోగు చేసిన చోటు అలా కనుమరుగైంది. అందుకే ఊరి సాక్ష్యాన్ని ఎవరైనా కాపీ చేసుకోగల, ఎవరూ తమ సొంతమని తలుపు మూయలేని చోట ఉంచాలి. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో పెట్టిన ఫొటోకు అక్షాంశ రేఖాంశాలు జోడించవచ్చు. తెలుగు వికీపీడియా వ్యాసంలోనూ దాన్ని వాడుకోవచ్చు. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వీధికి తెలుగు పేరు రాయవచ్చు, మూత లేని నాలా గురించి గమనిక పెట్టవచ్చు.

ఇక అన్నిటికన్నా బరువైన అభ్యంతరం భద్రత. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట అంటే కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం జిల్లాల నుంచి ఉద్యోగాల పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన అమ్మాయిలు వాటిలో ఉంటారు. హాస్టల్ గది నుంచి పంపిన ఒక సెల్ఫీ ఫైలులో ఆ భవనం చోటు ఉంటే, వెంటపడేవాడికి అంతకన్నా కావలసింది లేదు. ఈ భయం నిజమైనది. పోలీసులకు దొరక్కుండా తిరుగుతున్న సాఫ్ట్‌వేర్ వ్యాపారి జాన్ మెకాఫీ 2012 డిసెంబరులో గ్వాటెమాలాలో ఉన్నట్టు ఒక పత్రిక పెట్టిన ఫొటోలోని ఎగ్జిఫ్ వివరాలే బయటపెట్టాయి. 2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రచురించిన పటం సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తే దారులను చూపించేసింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. వ్యక్తిగత, గృహ అవసరాలకు చేసే వినియోగమూ, మనంతట మనమే బహిరంగపరచిన సమాచారమూ దాని పరిధిలోకి రావు. కాబట్టి కాపలా మనమే ఉండాలి. ఇంట్లో, హాస్టల్లో, బడి దగ్గర తీసే ఫొటోలకు లొకేషన్ ఆపేయాలి. అందరి మ్యాపులోకి పంపే ఫొటోల్లో ముఖాలు, వాహనాల నంబర్లు కనిపించకుండా చెరిపేయాలి. ఇంటి గుమ్మం నుంచి తీసినదాన్ని కాక, వీధి చివర నుంచి తీసినదాన్ని పంపాలి. ఈ జాగ్రత్తలు నేర్పడం కాలేజీలు, హాస్టల్ యజమానులు, పోలీసుల అవగాహన కార్యక్రమాల పని కావాలి. ప్రమాదం ఉన్నది మనిషి జాడలో. నాలా జాడ బయటపడితే ఎవరికీ ప్రమాదం లేదు, దాగి ఉంటేనే ప్రమాదం.

రెండో అభ్యంతరం బయటికి గట్టిగా వినిపించదు, కానీ కాలనీ సంఘాల సమావేశాల్లో అసలు అడ్డంకి ఇదే కావచ్చు. మా వీధి మునుగుతుందని మ్యాపులో పడితే ప్లాటు ధర పడిపోదా? జీవితకాలం పొదుపు చేసి, బ్యాంకు అప్పు తెచ్చి ఇల్లు కట్టుకున్న మధ్యతరగతి కుటుంబానికి ఈ దిగులు సహజం. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ నిజాన్ని దాచినందువల్ల నీళ్లు రావడం ఆగదు. ధర నిలుస్తుందేమో కానీ, ఆ ధరకు కొన్న తర్వాతి కుటుంబం మొదటి పెద్ద వానకే సెల్లారులో నీళ్లు తోడుకుంటుంది. వాళ్లూ మనలాంటి జీతగాళ్లే. పైగా లెక్కలో లేని సమస్యకు బడ్జెట్‌లో డబ్బు రాదు. ఐదేళ్ల ఫొటోలు వరుసగా చూపించి ఈ మలుపు దగ్గర కాలువ చాలడం లేదని నిరూపించే కాలనీకి పని జరిగే అవకాశం ఎక్కువ. పని జరిగాక నీరు నిలవని వానల ఫొటోలు కూడా అదే మ్యాపులో పడతాయి. కోల్పోయిన ధరను తిరిగి తెచ్చేది మౌనం కాదు, ఆ రుజువే. చెరువు పూర్తి నీటిమట్టం హద్దుల మీద, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా చేస్తున్న కూల్చివేతల మీద ఇంత రగడ జరుగుతున్న కాలంలో, కొనేముందు చూసుకోవడానికి బహిరంగ సాక్ష్యం ఉండటం సామాన్యుడికి రక్షణే అవుతుంది.

మూడోది, ఫొటోలోని లొకేషన్‌ను మార్చేయవచ్చు కదా అన్న ప్రశ్న. మార్చవచ్చు. ఫొటో కింద మ్యాపు, చిరునామా, అంకెలు అచ్చు వేసే జీపీఎస్ కెమెరా యాప్‌లను కాంట్రాక్టర్లు, ఉద్యోగులు విరివిగా వాడుతున్నారు. ఆ ముద్ర ఉంటే చాలు నిజమే అనుకోవడం పొరపాటు. నకిలీ లొకేషన్ ఇచ్చే యాప్‌లూ ఉన్నాయి. ఉపాధి హామీ కూలీల హాజరుకు రోజుకు రెండుసార్లు లొకేషన్‌తో ఫొటో తీయాలన్న నిబంధనను 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. పనికి సంబంధం లేని ఫొటోలు, పాత ఫొటోను మళ్లీ ఫొటో తీసి పెట్టినవి వస్తున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒప్పుకోవలసి వచ్చింది. సిగ్నల్ అందక ఫొటో ఎక్కకపోతే నష్టపోయింది మాత్రం ఎండలో పనిచేసిన కూలీలు. దీన్నుంచి నేర్చుకోవలసింది రెండు సంగతులు. ఒకటి, ఒక్క ఫొటో ఏ రోజూ పూర్తి రుజువు కాదు. వేర్వేరు మనుషులు, వేర్వేరు ఫోన్లతో, ఒకే గంటలో తీసిన ఇరవై ఫొటోలు ఒకే మాట చెబితే మాత్రం దాన్ని తోసిపుచ్చడం కష్టం. రెండు, ఫొటో పై నుంచి కిందివాడి మీద పెట్టే నిఘాగా మారినప్పుడు జనం దాన్ని తప్పించుకుంటారు. తన వీధి కోసం తానే తీసినప్పుడు కాపాడుకుంటారు. కాబట్టి ఈ పని స్వచ్ఛందంగానే సాగాలి. ఫొటో లేదన్న కారణంతో ఎవరి సాయమూ, ఎవరి ఫిర్యాదూ ఆగకూడదు. ఫోన్ లేని ముసలమ్మ మాటకు తక్కువ విలువ ఇచ్చే పద్ధతి మనకు వద్దు.

చట్టం అడ్డొస్తుందన్న సంకోచమూ ఇప్పుడు అక్కర్లేదు. 2016లో కేంద్రం ముందుకు తెచ్చిన ముసాయిదా బిల్లు మ్యాపుల సమాచారంపై 100 కోట్ల దాకా జరిమానా ప్రతిపాదించి అందరినీ భయపెట్టింది, అది చట్టం కాలేదు. 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకాలు భారతీయులు ముందస్తు అనుమతి లేకుండా పటాలు తయారు చేయడానికి, పంచుకోవడానికి వీలు కల్పించాయి. ఎల్బీనగర్‌కు దగ్గరలోని కంచన్‌బాగ్‌లో రక్షణ ప్రయోగశాలలు ఉన్నాయి కాబట్టి అలాంటి నిషిద్ధ ప్రాంతాల జోలికి పోకుండా ఉంటే సరిపోతుంది. నిపుణుల కొరత కూడా లేదు. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ పక్కనే ఉప్పల్‌లో ఉంది, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం బాలానగర్‌లో ఉంది. దేశానికి పటాలు గీయడం నేర్పే నగరం తన గల్లీల నీటి లెక్క తాను రాసుకోలేకపోవడం సమర్థించుకోలేని విషయం.

పాలకులు చేయవలసింది స్పష్టం. నగరపాలక సంస్థ యాప్‌కు పౌరులు పంపే ఫిర్యాదుల ఫొటోలు, వాటి లొకేషన్లు ఇప్పటికే సర్వర్లలో ఉన్నాయి. ఫిర్యాదు చేసినవారి పేరు, నంబరు తీసేసి, నీరు నిలిచే చోట్లు, మూతలేని మ్యాన్‌హోళ్లు, చెత్త కుప్పల వివరాలను రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్‌లో పెట్టాలి. 2016లోనే ఓపెన్ డేటా విధానం ప్రకటించిన రాష్ట్రానికి ఇది కొత్త ఆలోచన కాదు. కాలనీ సంఘాలు ఏటా జూన్ మొదటి వారంలో తమ పరిధిలో పది స్థిరమైన చోట్లు ఎంచుకోవాలి. నాలా వంతెన, కల్వర్టు, పల్లపు మలుపు, చెరువు అలుగు ఏదైనా కావచ్చు. వాన పడిన ప్రతిసారీ అదే చోట నుంచి, అదే దిక్కున, లొకేషన్ ఆన్ చేసి ఫొటో తీయాలి. అసలు ఫైలును చెరగకుండా దాచి, ఒక ప్రతిని బహిరంగ మ్యాపులో పెట్టాలి. వేగంగా పారే నీటి దగ్గరికి ఎవరూ వెళ్లకూడదన్నది మొదటి నియమం కావాలి, ఏ ఫొటో ప్రాణం కన్నా ఎక్కువ కాదు. ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ ఫొటోలను వీధులవారీగా అమర్చే పనిని ప్రాజెక్టుగా తీసుకోవచ్చు. దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు, క్రమం తప్పని శ్రద్ధ కావాలి. అలా ఐదారు వానాకాలాలు గడిస్తే, వరద సాయం ఎవరికి చేరాలో తేల్చడానికి సిఫార్సులు వెతుక్కోనవసరం లేదు, ఏ నాలాకు ముందు డబ్బు పెట్టాలో తేల్చడానికి పలుకుబడి తూకం వేయనవసరం లేదు. తన వీధి గురించి మాట్లాడే హక్కు పౌరుడికి ఎప్పుడూ ఉంది. ఆ మాటను కాదనలేని విధంగా చెప్పే బలం ఇప్పుడు చేతికందింది, దాన్ని ఈ వానాకాలం నుంచే వాడటం మొదలుపెట్టాలి.